ఎండకూ వానకూ నిలిచే బోర్డు కోసం ఒక ఏడాది

షాపు పెట్టిన కొత్తలో బోర్డు గురించి నేను పట్టించుకున్నవి రెండే: పేరు ఎంత పెద్దగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి. మాది చిన్న పుస్తకాల షాపు. తెల్లటి ఫ్లెక్స్ మీద ఎర్రటి అక్షరాలు, చుట్టూ నీలం అంచు వేయించాను. బిగించిన రోజు రోడ్డుకు అవతల నిలబడి చాలాసేపు చూసుకున్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఎరుపు గులాబీ రంగులోకి దిగింది. ఇంకొన్ని నెలలకు అదీ వెలిసిపోయి, దూరం నుంచి చూస్తే తెల్ల గుడ్డకు నీలం అంచు కుట్టినట్టు ఉండేది. పేరు పోయింది, అంచు మిగిలింది.

ఒక రాత్రి గాలివాన కొట్టింది. పొద్దున వచ్చేసరికి ఒక మూల చిరిగి బోర్డు టపటపా కొట్టుకుంటోంది. నేనూ తమ్ముడూ నిచ్చెన వేసి దించాం. కింద పెట్టి వెనక్కి తిప్పాక, అన్నాళ్లూ ముందు నుంచి కనిపించనివన్నీ కనిపించాయి. ఫ్లెక్స్ చిరిగింది మధ్యలో కాదు, రింగులు కొట్టిన చోట. ఫ్రేములో పైపులు నిడివి మీద బాగానే ఉన్నాయి కానీ వెల్డింగ్ చేసిన ప్రతి మూలా తుప్పు పట్టి పొరలుగా లేస్తోంది. పైపుల చివర్లు మూయకుండా వదిలేశారు. ఫ్రేమును ఒక పక్కకు వంచితే లోపలి నుంచి గోధుమ రంగు నీళ్లు కారాయి. గోడ మీద స్క్రూ ఉన్న ప్రతి చోటి నుంచీ కిందికి తుప్పు చారలు. తర్వాత సున్నం వేసినా ఆ చారలు మళ్లీ పైకి తేలాయి.

బోర్డు ముఖం ఏ సరుకుతో చేయాలా అని మాత్రమే అడిగితే సరిపోదని అప్పుడే అనిపించింది. కొత్త బోర్డు పెట్టడానికి ఏడాదికి పైగా పట్టింది. అంత కాలం ఎందుకంటే, ఈసారి నా కళ్లతో చూశాకే డబ్బు పెట్టాలనుకున్నాను.

మొదట ముగ్గురు బోర్డులవాళ్లను కలిశాను. ఎవరి దగ్గర ఏ మెషీను ఉంటే వాళ్లు ఆ సరుకే గట్టిదన్నారు. ప్రింటింగ్ మెషీను ఉన్నాయన వినైల్ (అంటించే ప్లాస్టిక్ ఫిల్ము) అన్నాడు, లేజర్ కటింగ్ ఉన్నాయన అక్రిలిక్ అన్నాడు, వెల్డింగ్ పనివాడు స్టీలు అక్షరాలే శాశ్వతమన్నాడు. ముగ్గురూ "పదేళ్లు గ్యారంటీగా ఉంటుంది" అన్నారు. నాలుగో ఆయన మాత్రం సరుకు మాట ఎత్తకుండా, "మీ షాపు ఏ దిక్కుకు ఉంటుంది మేడం?" అని అడిగాడు. పడమర అన్నాను. "అయితే మధ్యాహ్నం ఎండంతా బోర్డు మీదే" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. చివరికి పని ఆయనకే ఇచ్చాను. కానీ అది చాలా తర్వాత.

ఆ మధ్యలో పాత బోర్డులను చూడటం అలవాటు చేసుకున్నాను. ఏ వీధికి వెళ్లినా తల పైకెత్తి నడిచేదాన్ని. ఫోన్‌లో ఫోటో తీసుకుని, పక్కన దిక్కు రాసుకునేదాన్ని. ముప్పైకి పైగా అయ్యాక ఒక తీరు కనిపించింది. ప్రింట్ చేసిన బోర్డుల్లో ఎరుపు, పసుపు ముందు పోతున్నాయి. నీలం, నలుపు మిగులుతున్నాయి. నాలుగు రంగుల ప్రింటింగ్‌లో ఎరుపనేది విడిగా ఉండదు. మెజెంటా, పసుపు కలిపితే వచ్చేదే అది. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు ఆ రెండు రంగుల అణువుల్నే ముందు విరగ్గొడతాయి. నలుపులో ఉండేది కార్బన్, నీలంలో ఉండేది థాలోసయనిన్ అనే గట్టి పిగ్మెంటు. అందుకే పాత పోస్టర్లన్నీ నీలంగా మారతాయి. మా బోర్డులో అంచు మిగలడానికి కారణం అదే.

ఇంకోటి కూడా గమనించాను. బోర్డులు ఎక్కువగా మధ్యలో పాడవడం లేదు. కింది అంచు దగ్గర, కీళ్ల దగ్గర, స్క్రూ చుట్టూ, రెండు షీట్లు కలిసే సందు దగ్గర మొదలవుతోంది. లైటు బోర్డుల్లో ఒక అక్షరంలో సగం ఆరిపోయి ఉంటుంది, షీటు మాత్రం కొత్తగానే ఉంటుంది. ఒక పాత గోడ మీద మాత్రం, నీలం మీద తెల్ల అక్షరాలున్న చిన్న పింగాణీ రేకు కనిపించింది. ఇనప రేకు మీద గాజు పొడిని దాదాపు 800 డిగ్రీల దగ్గర కరిగించి పట్టించే పని అది. రంగు గాజులోనే ఉంటుంది కాబట్టి ఎండ దాన్నేమీ చేయలేదు. చుట్టూ ఉన్న కొత్త బోర్డులన్నీ వెలిసిపోయి ఉంటే అదొక్కటే నిగనిగలాడుతోంది. మేకు కొట్టిన చోట మాత్రం పెంకు లేచి, అక్కడి నుంచి తుప్పు పాకింది. అక్కడా స్క్రూ దగ్గరే. అంత పెద్ద సైజులో అలాంటిది చేసేవాళ్లు నాకు దొరకలేదు కానీ, ఆ రేకును ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈలోగా షాపుకు ఏదో ఒక బోర్డు ఉండాలి కదా. జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనప రేకు మీద చేత్తో రాయించాను. రాసినాయన చేయి చాలా చక్కటిది, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఎనిమిది నెలలకే ఆ పెయింటు పెచ్చులు పెచ్చులుగా ఊడటం మొదలైంది. పెయింటు మంచిదే, రేకూ మంచిదే. రెంటికీ పడలేదు. మామూలు ఎనామెల్ పెయింటులో ఉండే నూనె, రేకు మీది జింకుతో కలిసి పెయింటు అడుగున సబ్బు లాంటి పొర కడుతుంది. ఆ పొరకు పట్టు ఉండదు. జీఐ మీద ముందు దానికి తగిన ఎచ్ ప్రైమర్ కొట్టాలట. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొడితే చాలనుకున్నాం. అంత చక్కటి చేతిరాత అలా రాలిపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

డాబా మీద నేను పెట్టుకున్న పరీక్ష గురించి కొంచెం వివరంగా రాయాలి. నాకు ఎక్కువ నేర్పింది అదే. బోర్డులవాళ్ల దగ్గర తెగ్గొట్టిన ముక్కలు ఊరికే పడి ఉంటాయి, అడిగితే ఇచ్చారు. ఫ్లెక్స్, రెండు రకాల వినైల్, సన్‌బోర్డు, అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్), రెండు రకాల స్టీలు. ప్రతి ముక్కకూ సగం భాగం వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఒక పాత తలుపు మీద బిగించి, పడమర వైపు కాస్త వాలుగా నిలబెట్టాను. నెలకోసారి ఫాయిల్ ఎత్తి, కప్పిన సగాన్నీ కప్పని సగాన్నీ పక్కపక్కన చూసేదాన్ని. వాలుగా పెట్టడానికి కారణం ఉంది. నిలువుగా ఉన్నదాని కంటే ఆకాశం వైపు తిరిగి ఉన్నదాని మీద ఎండ ఎక్కువ పడుతుంది, నీళ్లూ ధూళీ ఎక్కువసేపు నిలుస్తాయి. త్వరగా ఫలితం తెలుస్తుంది.

మొదట ఓడిపోయింది సన్‌బోర్డు. అంటే నురుగులా పొంగిన పీవీసీ షీటు. తేలికగా ఉంటుంది, కత్తితో కోయొచ్చు, లోపల పెట్టే బోర్డులకు చాలా బాగుంటుంది. పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. మధ్యాహ్నం ఎండలో ముదురు రంగు షీటు ఆ వేడికి సులువుగా చేరుతుంది. నా ముక్క మీద నల్ల స్టిక్కరు ఉంది. ఒక్క వేసవికే అది అరటి దొప్పలా వంగింది.

వినైల్ రెండు ముక్కలూ బయటికి ఒకేలా ఉన్నాయి. ఒకటి క్యాలెండర్డ్, ఒకటి కాస్ట్. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే కొనేవాళ్లకు తెలిసే దారే లేదు. క్యాలెండర్డ్ వినైల్‌ను వేడి రోలర్ల మధ్య ఒత్తి సాగదీసి చేస్తారు. ఆ సాగిన బిగువు లోపల అలాగే ఉండిపోతుంది, ఎండ తగిలినప్పుడల్లా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. కాస్ట్ వినైల్‌ను ద్రవంగా పోసి ఆరబెడతారు కాబట్టి దానిలో ఆ బిగువు ఉండదు, పైగా పలుచగా 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆరో నెలకు క్యాలెండర్డ్ ముక్క అంచుల నుంచి ఒక మిల్లీమీటరు లోపలికి జరిగింది. జరిగిన చోట జిగురు గీత బయటపడి, దానికి ధూళి అంటుకుని, అక్షరం చుట్టూ నల్ల గీత గీసినట్టు అయింది. కాస్ట్ ముక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఫిల్ము ఎంత మంచిదైనా దాని మీది ప్రింటు వేరే సంగతి. ఫిల్ము నిలిచినా ఇంకు వెలుస్తుంది. రంగు ఫిల్ములోనే కలిసి ఉండి, అక్షరాలుగా కోసి అంటించేదైతే ప్రింటు కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ప్రింటే కావాలంటే పైన అల్ట్రావయొలెట్‌ను ఆపే లామినేషన్ తప్పనిసరి.

పాలీకార్బొనేట్ ముక్కలు రెండు పెట్టాను, ఒకటి సరైన వైపు, ఒకటి తిరగేసి. ఈ షీటు సుత్తితో కొట్టినా పగలదు కానీ ఎండకు దానంతట అది తట్టుకోలేదు. అందుకే ఒక వైపు రక్షణ పొర వేస్తారు. ఆ వైపు ఏదో షీటు మీది కవరు ఫిల్ము మీద రాసి ఉంటుంది. ఫిల్ము పీకేశాక ఏ వైపు ఏదో కంటికి తెలియదు. ఏడాది తిరిగేసరికి తిరగేసిన ముక్క పసుపెక్కింది, సరైన వైపు పెట్టింది తేటగా ఉంది. పసుపెక్కిన లైటు బోర్డులు ఎన్నో చూశాను. వాటిలో కొన్నయినా తిరగేసి బిగించినవే అయి ఉంటాయని అనుకుంటున్నాను.

అక్రిలిక్ మీద నాకు ప్రేమ కలిగింది ఇక్కడే. ఏడాది తర్వాత ఫాయిల్ ఎత్తి చూస్తే కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా వెతకాల్సి వచ్చింది. అక్రిలిక్‌కు పై పూత ఏదీ అక్కర్లేదు, పుట్టుకతోనే ఎండకు గట్టిది. దానికి రెండు బలహీనతలు. దెబ్బకు పగులుతుంది, వేడికి బాగా సాగుతుంది. మీటరు పొడవున్న అక్రిలిక్ 40 డిగ్రీల తేడాకు దాదాపు 2.8 మిల్లీమీటర్లు సాగుతుంది. రంధ్రం స్క్రూకు సరిగ్గా సరిపడా వేస్తే ఆ సాగడానికి చోటు లేక రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది. నేను కూడా ఒక పొరపాటు చేశాను. లేజర్‌తో కోసిన ముక్క మురికిగా ఉందని స్పిరిట్‌తో తుడిచాను. నిమిషాల్లో అంచు వెంట వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి. లేజర్ వేడికి అంచులో బిగువు మిగిలిపోతుంది, దానికి స్పిరిట్ తగిలితే అలా చిట్లుతుంది. అక్రిలిక్‌ను సబ్బునీళ్లతోనే తుడవాలి.

ఇక స్టీలు ముక్కలు. ఒకటి 202 గ్రేడు, ఒకటి 304. చూడటానికి కవలలు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది అంటారు, అది నిజం కాదు. రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోని రకాలే. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి ఆ స్థానంలో మాంగనీసు కలుపుతారు. వర్షాలు పోయాక చూస్తే 202 ముక్క మీద టీ చుక్కలు చిందినట్టు గోధుమ మచ్చలు. 304 మీద లేవు. మాంగనీసు ఉందో లేదో చెప్పే చుక్కల మందు ఉంటుంది, ఒక్క చుక్క వేస్తే రంగు మారుతుంది. తర్వాత మా అక్షరాలు వచ్చినప్పుడు ఆ పరీక్ష నా ఎదుటే చేయించుకున్నాను. సముద్రం దగ్గరుండేవాళ్లకు 304 కూడా చాలదు. మాలిబ్డినం 2 నుంచి 3 శాతం కలిసిన 316 తీసుకోవాలి, ఉప్పుగాలికి తట్టుకునేది అదే.

చెక్క గురించి ఎక్కువ రాయను. నాకు చెక్క బోర్డులంటే ఇష్టమే కానీ, ఏటా నూనో వార్నిషో పట్టించే ఓపిక ఉన్నవాళ్లకే అది. నాకు లేదు.

ఇన్ని చూశాక వెనక షీటుకు ఏసీపీ ఖాయం చేసుకున్నాను. రెండు పలుచటి అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్ గుజ్జు. తేలిక, చదును, తుప్పు పట్టదు. అయితే ఏసీపీ అనే పేరు కింద చాలా రకాల సరుకు తిరుగుతోంది. 3 మిల్లీమీటర్లా 4 మిల్లీమీటర్లా అని మొత్తం మందమే అందరూ చెబుతారు. అడగాల్సింది రేకు మందం. 0.25 మిల్లీమీటర్ల రేకుకూ 0.5 మిల్లీమీటర్ల రేకుకూ నడుమ గట్టిదనంలో చాలా తేడా ఉంది. రెండోది పూత. పాలిస్టర్ పూత లోపలి వాడకానికి సరిపోతుంది. బయటికి పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ప్లాస్టిక్ పూత కావాలి. దానిలో కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం చాలా గట్టిది, ఎండ దాన్ని విరగ్గొట్టలేదు.

మూడోది మధ్యలోని గుజ్జు. దీని మీద నేను అస్సలు రాజీ పడలేదు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం కాలిపోయి 72 మంది చనిపోయారు. మంటలు అంత వేగంగా పైకి పాకడానికి ముఖ్య కారణం బయటి గోడలకు బిగించిన, పాలిథిలిన్ గుజ్జున్న అల్యూమినియం షీట్లేనని విచారణలో తేలింది. మనం షాపు ముందు బిగించేది కూడా అదే జాతి షీటు, దాని వెనకే కరెంటు వైర్లు. మా బోర్డులాయన ఖాళీ జాగాలో రెండు ముక్కల అంచులకు మంట పెట్టి చూపించాడు. మామూలు దాని గుజ్జు కొవ్వొత్తిలా కరిగి, మండుతూ చుక్కలు చుక్కలుగా కారింది. ఎఫ్‌ఆర్, అంటే మంటను అడ్డుకునే రకం ముక్కలో ఖనిజపు పొడి ఎక్కువ కలిపి ఉంటుంది. వేడెక్కితే అది నీటి ఆవిరిని వదులుతుంది. నల్లబడింది, మంట తీసేయగానే ఆరిపోయింది. "ఇది తెచ్చేవాళ్లు తక్కువ మేడం, ఎవరూ అడగరు" అన్నాడు. "నేను అడుగుతున్నాను అన్నా" అన్నాను.

రంగు దగ్గర మళ్లీ ఎరుపు ప్రశ్న వచ్చింది. నాకు ఎరుపే కావాలి. మా షాపును అందరూ గుర్తుపట్టేది ఆ రంగుతోనే. తమ్ముడు నీలం వేయిద్దామన్నాడు, నేను చూసిన బోర్డులన్నీ కూడా అదే చెబుతున్నాయి. చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి దారి దొరికింది పాత ఇటుక గోడ దగ్గర. ఇటుక ఎన్నేళ్లు ఎండలో ఉన్నా ఎర్రగానే ఉంటుంది. దాని ఎరుపు ఇనుము ఆక్సైడు వల్ల వచ్చేది. ఇనుము ఎలాగూ తుప్పయిపోయింది కాబట్టి ఇక మారడానికి ఏమీ మిగల్లేదు. గుహల్లో వేల ఏళ్ల నాడు ఎర్రమన్నుతో వేసిన బొమ్మలు ఇంకా కనిపించడానికి కారణమూ ఇదే. మిరపపండు ఎరుపు కాకుండా ఇటుక ఎరుపు తీసుకుంటే ఎండ నుంచి దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. పీవీడీఎఫ్ పూతలో ఆ రంగు షీటు దొరికింది. ముందు కాస్త మసకగా అనిపించింది కానీ, తెల్ల అక్షరాలు దాని మీద చక్కగా ఎత్తి కనబడ్డాయి.

అక్షరాలు ఎలా ఉండాలన్నది తేల్చడానికి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి నమూనా అక్షరం గోడకు ఆనించి చూశాం. అద్దంలా మెరిసే స్టీలు అక్షరాలు దగ్గర నుంచి ఎంతో బాగుంటాయి. రోడ్డు అవతల నుంచి చూస్తే వాటిలో ఆకాశం, ఎదుటి మేడ కనిపిస్తాయి తప్ప అక్షరం కనిపించదు. అందుకని పక్క గోడలు 304 స్టీలుతో, ముఖం పాల తెలుపు కాస్ట్ అక్రిలిక్‌తో, లోపల ఎల్‌ఈడీ పెట్టి చేయించాను. తెలుపులో వెలిసిపోయే రంగే లేదు. అక్షరం ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లు పెట్టాం. ప్రతి 3 మీటర్ల దూరానికీ కనీసం 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని బోర్డులవాళ్లు వేసే లెక్క. మన అక్షరాలకు ఇంకో చిక్కుంది. వత్తులు, గుడుల్లో కొన్ని విడి ముక్కలుగా తెగి వస్తాయి. ఆ చిన్న ముక్కలను జిగురుతో అంటించి వదిలేస్తే ముందు రాలేవి అవే. ఒక వత్తు రాలితే పేరే మారిపోతుంది. ప్రతి ముక్కకూ కనీసం రెండు స్టీలు పిన్నులు వెనక షీటులోకి దిగాలని పట్టుబట్టాను.

లైట్ల విషయంలో వానను పూర్తిగా ఆపాలని చూడొద్దని బోర్డులాయన చెప్పిన మాట నాకు నచ్చింది. ఎంత మూసినా పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే తేమ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తేమ నీటి చుక్కలై అడుగున చేరుతుంది. అందుకే ప్రతి అక్షరం అడుగున చిన్న రంధ్రం వేయించాం, నీళ్లు వచ్చిన దారినే పోతాయి. లోపలి ఎల్‌ఈడీ మాడ్యూళ్లు ఐపీ67వి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేవి. బోర్డుల్లో ముందు చచ్చేది ఎల్‌ఈడీ కాదు, దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. దానిలోని కెపాసిటర్లకు వేడంటే గిట్టదు. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందంటారు. చాలాచోట్ల దాన్ని ఎండకు కాగే బోర్డు వెనకే కట్టేస్తారు. మేం షాపు లోపల, చేతికి అందే చోట పెట్టించాం. 12 వోల్టుల కరెంటు దూరం పోయేకొద్దీ తగ్గుతుంది కాబట్టి వైరు లావుగా వేసి, రెండు వైపుల నుంచీ సప్లై ఇచ్చాడు. మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ వెలుగులో తేడా రాలేదు.

ఫ్రేము గురించి చెప్పాలంటే ముందు గాలి గురించి చెప్పాలి. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీస్తే చదరపు మీటరుకు దాదాపు 25 కిలోల బరువు మోపినంత ఒత్తిడి. గాలి వేగం రెట్టింపై 144 అయితే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 100 కిలోలు. మా బోర్డు 3 చదరపు మీటర్ల పైచిలుకు. ఆ లెక్క విన్నాక, గోడ పూత మందం దాటని ప్లాస్టిక్ ప్లగ్గులతో బోర్డు బిగించడం ఎంత ప్రమాదమో అర్థమైంది. కింద నడిచేవాళ్లు మన కస్టమర్లే, పిల్లలే. పూత దాటి గోడలోకి దిగే యాంకర్ బోల్టులు వేయించాను.

ఫ్రేముకు జీఐ పైపే వాడాం కానీ వెల్డింగ్ చేసిన చోట పద్ధతి మార్చాం. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, ఇనుము కరగాలంటే సుమారు 1500 కావాలి. కాబట్టి వెల్డింగ్ చేసిన ప్రతి చోటా జింకు కాలిపోయి ఉత్త ఇనుము మిగులుతుంది. మా పాత బోర్డు మూలలు తిన్నది ఇదే. ఈసారి ప్రతి కీలునూ రుద్ది, జింకు ఎక్కువగా ఉండే పెయింటు రెండు పూతలు వేశారు. పైపుల చివర్లు మూసేశారు, అడుగు పైపుకు నీళ్లు పోయే రంధ్రాలు వేశారు. స్టీలు అక్షరాలను ఇనుము కోసే చోటికి దూరంగా ఉంచమని కూడా అడిగాను. గ్రైండింగ్‌లో ఎగిరిన ఇనప రజను స్టీలు మీద పడితే అదే తర్వాత తుప్పు మచ్చ అవుతుంది.

అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 3.6 మీటర్ల షీటు, పగటికీ రాత్రికీ 50 డిగ్రీల తేడా వస్తే, 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకని స్క్రూ రంధ్రాలను పొడవుగా కోసి, ప్రతి స్క్రూకూ నైలాన్ వాషర్ వేశారు. వాషర్ వల్ల స్టీలు స్క్రూ అల్యూమినియాన్ని నేరుగా తాకదు. రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకితే వాటిలో ఒకటి ఇంకొకదాన్ని తినేస్తుంది. స్క్రూలన్నీ స్టీలువే, ఒక్కటి కూడా మామూలు ఇనుముది వద్దన్నాను.

బిగించే రోజు ఒక చిన్న గొడవ జరిగింది. సందుల్లో సిలికాన్ పెడుతుంటే ఘాటైన పుల్లటి వాసన, వెనిగర్ వాసన వచ్చింది. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం అది. గాజుకు బాగుంటుంది, జింకును, లోహాలను తినేస్తుంది. "ఇది వద్దు, న్యూట్రల్ సిలికాన్ తెప్పించండి" అన్నాను. సహాయకుడు కుర్రాడు "ఏదైనా ఒకటే కదా అక్కా" అన్నాడు. బోర్డులాయన మాత్రం ట్యూబు తీసి చూసి, మారు మాట్లాడకుండా పెట్టినదంతా గీకించి, వేరేది తెప్పించాడు. పని మూడు గంటలు ఆగింది. ఆ మూడు గంటల ఓర్పుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఒక్క పొరపాటు మాత్రం జరిగింది. షీటు మీది కవరు ఫిల్ము బిగించిన వెంటనే పీకేయాలి, ఎండకు కాగితే దాని జిగురు షీటుకు కరుచుకుపోతుంది. అంతా పీకాం కానీ చివరి అక్షరం పక్కన, కింది మడతలో, వేలెడు ముక్క ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత చూసి లాగితే తునకలుగా వచ్చింది. అక్కడ జిగురు చార ఇప్పటికీ ఉంది.

బోర్డు పెట్టి రెండు వర్షాకాలాలు దాటాయి. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన ఎక్కి, మెత్తటి గుడ్డతో సబ్బునీళ్లు పెట్టి తుడుస్తాను. స్క్రూలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూస్తాను. అక్షరాల అడుగు రంధ్రాల్లో సాలెగూడు కట్టి ఉంటే పుల్లతో తీస్తాను. పని అయిన రోజు మిగిలిన ఏసీపీ ముక్కను షాపు సొరుగులో చీకట్లో దాచాను. మొన్న తుడవడానికి ఎక్కినప్పుడు దాన్ని కూడా తీసుకెళ్లి, పడమటి ఎండ ఎక్కువగా పడే కుడి మూల పక్కన పెట్టి చూశాను. తమ్ముణ్ణి కింద నిలబెట్టి, "రెండింట్లో ఏది కొత్తది?" అని అడిగాను. రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ తప్పే.